పల్లేరుగాయకు పండుగ ఉంది, మన సైకిలు వీరుడికి పేరైనా మిగల్లేదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారములు.

నేను కడప ఎర్రముక్కపల్లెలో ఉంటున్న విశ్రాంత తపాలా ఉద్యోగిని. ముప్పయ్యేళ్లకు పైగా ఉత్తరాల సంచీని క్యారియరుకు కట్టుకుని సైకిలు మీదే ఊళ్లు తిరిగాను. ఉద్యోగం ముగిసినా సైకిలు మానలేదు. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి ఒకరోజు దేవుని కడప వైపు, ఇంకొకరోజు చెన్నూరు దగ్గర పెన్న వంతెన దాకా పోతాను. ఒంట్లో ఓపిక ఉన్న రోజున గువ్వలచెరువు ఘాటు ఎక్కి, అక్కడ పాలకోవా తిని దిగివస్తాను. రాత్రి భోజనమయ్యాక మాత్రం మా మనుమరాలు నేర్పిన విధంగా ఫోనులో సైకిళ్ల సంగతులు వెతుకుతూ ఒక గంటసేపు కూర్చుంటాను. రెండేళ్లుగా ఆ వెతుకులాటలో నా కంటబడిన కొన్ని వింతలను, వాటి వల్ల నాలో పుట్టిన ఒక కోరికను, అంటే మన సీమ సైకిలు జ్ఞాపకాలకు మీ పత్రికలో చోటు దొరకాలన్న కోరికను, తమ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైనందుకు మన్నించి, చివరిదాకా చదవమని ప్రార్థన.

వింతల కోసమని నేను మొదట వెతకలేదు. పంక్చర్ల బాధ పడలేక వెతికాను. సీమలో బండ్లబాటల మీద, చేలగట్ల వెంట సైకిలు తొక్కేవాడిని పల్లేరుగాయ ఎంత ఏడిపిస్తుందో తొక్కినవాడికే తెలుసు. నేలను కరచుకుని పాకే చిన్న మొక్క, పసుపుపచ్చని చిన్న పూలు, ఎండాక అయిదు ముక్కలుగా విడిపోయే కాయ. ఒక్కొక్క ముక్కకు రెండు పొడవాటి ముళ్లు, రెండు పొట్టి ముళ్లు ఉంటాయి కనుక అది ఏ పక్కకు పడినా ఒక ముల్లు పైకి నిలిచే ఉంటుంది. పోయిన సంక్రాంతి వెళ్లాక ఒక ఉదయం తారురోడ్డు దిగి చేని పక్కగా అర కిలోమీటరైనా పోకముందే వెనక చక్రం కూలబడింది. నడిపించుకుంటూ ఇల్లు చేరి, లివర్లతో టైరు విప్పి, ట్యూబుకు గాలి కొట్టి బకెట్టు నీళ్లలో జానెడు జానెడుగా ముంచుతూ పోతే ఏడుచోట్ల బుడగలు లేచాయి. ఏడింటికీ ఉప్పుకాగితం రుద్ది, సొల్యూషను పూసి, అది ఆరేదాకా ఆగి ముక్కలు అతికించాను. చివరి ముక్కను బొటనవేలితో అదిమిపట్టి కూర్చున్నప్పుడు, ఈ ముల్లు బాధ మనకొక్కరికేనా, లోకంలో ఇంకెవరికైనా ఉందా అన్న ఆలోచన వచ్చింది. ఆ రాత్రే పల్లేరు శాస్త్రీయ నామం తెలుసుకుని, దాన్ని పట్టుకుని వెతికాను.

ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ అనే ఈ మన పల్లేరే అమెరికా పడమటి రాష్ట్రాల్లో సైకిలు తొక్కేవాళ్లకు పెద్ద శత్రువని తెలిసి ఆశ్చర్యపోయాను. అది అక్కడ పుట్టిన మొక్క కాదు, బయటి నుంచి చేరి పాకింది. వాళ్లు దానికి పెట్టుకున్న పేర్లలో ఒకటి ‘పంక్చరు తీగ’ కాగా, కాయ ముక్క కొమ్ములున్న మేక ముఖంలా కనబడుతుంది కనుక ‘మేకతల’ అన్నది ఇంకొకటి. మన ఆయుర్వేదం దశమూలాల్లో చేర్చుకున్న ఈ మొక్కను సంస్కృతంలో గోక్షురం, అంటే ఆవు గిట్ట, అన్నారు. ఒకే కాయలో మనవాళ్లకు ఆవు గిట్ట, వాళ్లకు మేక తల కనబడ్డాయన్న మాట. దీన్ని అదుపు చేయడానికి 1961లో అక్కడి శాస్త్రజ్ఞులు రెండు రకాల ముక్కుపురుగులను విదేశాల నుంచి తెప్పించి వదిలారు. వాటిలో ఒకటి గింజను తొలిచేది, రెండవది కాండాన్ని తొలిచేది. ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరంలోనైతే 2018 నుంచి సైకిలు ప్రియులు ‘మేకతల పండుగ’ జరుపుకుంటున్నారు. ఊరివాళ్లు ఆ మొక్కను గింజ రాలకముందే వేళ్లతో సహా పీకి సంచులకెత్తి అప్పగిస్తారు. పండుగనాడు వేషాలు వేసుకుని సైకిళ్ల మీద ఊరేగుతారు. కాలికి గుచ్చుకుంటే ‘అబ్బా’ అని తీసి పారేసే పల్లేరుగాయకు ఎక్కడో ఒక చోట పుట్టుపూర్వోత్తరాలు రాసి, ఏటేటా పండుగ చేస్తున్నారని చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పంక్చర్ల వెంటే వెళ్తూ ఇంకొకటి కూడా చదివాను. 1892లో పారిస్ నుంచి క్లెర్మాన్-ఫెర్రాన్ పట్టణం దాకా పందెం పెట్టిన మిషెలిన్ సోదరులు, తమ కొత్త టైరును ఎంత సులువుగా విప్పి బాగుచేసుకోవచ్చో లోకానికి చూపడం కోసం దారిలో మేకులు చల్లించారట.

తర్వాత దొరికినది కరువు సంగతి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై, ఆ ధూళి ఆకాశాన్ని కమ్మడం వల్ల మరుసటి ఏడు యూరపులో వేసవే రాలేదు. పంటలు పోయాయి, దాణా ధరలు పెరిగాయి, గుర్రాలను మేపే దారి లేకుండా పోయింది. ఆ మరుసటి ఏడు, 1817 జూన్ 12న, జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన చెక్కతో చేసిన రెండు చక్రాల బండి మీద కూర్చుని, పెడళ్లు లేవు కనుక కాళ్లతో నేలను తన్నుకుంటూ, రానూపోనూ సుమారు 14 కిలోమీటర్లు గంటలోపే తిరిగివచ్చాడు. సైకిలుకు మూలపురుషుడు ఆ బండే. గుర్రాల కొరతే దాన్ని పుట్టించిందని కొందరు చరిత్రకారులు అంటారు, అందరూ ఒప్పుకోరు. మన సైకిలు ఆకారానికి అది రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది: 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలనూ దాదాపు సమానం చేసి వెనక చక్రానికి చైను బిగించాడు, 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. నేను మాత్రం ఆ గుర్రాల దగ్గరే ఆగిపోయాను. 1876 నుంచి 1878 దాకా మన సీమను ఊడ్చేసిన ధాతు కరువు గురించి మా జేజి తన పెద్దల నోట విన్న మాటలు నాకు చెప్పేది. ఎద్దులు లేక మనుషులే కాడి మోసిన ముచ్చట చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది. కరువు తెలిసిన నేల మీద పుట్టినవాణ్ణి కనుక, మేత లేని గుర్రానికీ సైకిలుకూ సంబంధం ఉందన్న ఊహ నాకు వింతగా కాక, దగ్గరి చుట్టం మాటలా తోచింది.

ఇక పత్రికలకు సంబంధించిన సంగతి తమకు ముఖ్యంగా చెప్పవలసినది. ప్రపంచంలో పేరుమోసిన సైకిలు పందేలను మొదలుపెట్టినది ప్రభుత్వాలు కాదు, సైకిలు కంపెనీలు మాత్రమే కూడా కాదు; వార్తాపత్రికలు. 1891లో ‘ల పెటీ జుర్నాల్’ అనే పారిస్ దినపత్రిక తరఫున పియెర్ జిఫార్ అనే సంపాదకుడు పారిస్ నుంచి బ్రెస్ట్ రేవుకు వెళ్లి తిరిగివచ్చే సుమారు 1200 కిలోమీటర్ల పందెం పెట్టాడు. షార్ల్ తెరోన్ అనే వీరుడు 71 గంటల 22 నిమిషాల్లో దాన్ని ముగించాడు. ఇప్పుడది పందెం కాదు. నాలుగేళ్లకొకసారి లోకంలోని నలుమూలల నుంచి వచ్చి, 90 గంటల గడువులో పూర్తిచేయాలని తొక్కుతారు. ఆ దారి పేరు మీద 1910లో ఒక మిఠాయివాడు చక్రం ఆకారంలో చేసిన తీపివంటకం నేటికీ అక్కడి అంగళ్లలో దొరుకుతుంది. 1903లో ‘లోటో’ అనే క్రీడాపత్రిక చందాదారులను పెంచుకోవడానికి ఫ్రాన్సు దేశం చుట్టూ పందెం పెట్టింది. అదే టూర్ ద ఫ్రాన్స్. మొదటి ఏడు 60 మంది బయలుదేరితే 21 మంది చివరిదాకా వచ్చారు. ముందున్నవాడు తొడుక్కునే పసుపు చొక్కా 1919లో వచ్చింది. ఆ పత్రికను అప్పట్లో అచ్చువేసిన కాగితం రంగు కూడా పసుపే.

ఆ పందెంలోదే ఒక సంఘటన నన్ను విడవడం లేదు. 1913లో యూజెన్ క్రిస్టోఫ్ అనే ఆయన ముందంజలో ఉండి, పిరెనీ కొండల్లో తూర్‌మాలే కనుమ దిగుతూండగా సైకిలు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. పందెం నిబంధన ప్రకారం వేరొకరి సాయం తీసుకోకూడదు, సైకిలు మార్చుకోకూడదు. ఆయన సైకిలును భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా కొండదారిన దిగి, సెంత్-మరీ-ద-కాంపాన్ అనే పల్లెలో కమ్మరి కొలిమి కనుక్కున్నాడు. కమ్మరి నోటిమాటతో దారి చెప్పవచ్చు కానీ చేయి వేయకూడదు. పందెం అధికారులు పక్కనే నిలబడి కాపలా కాశారు. ఇనుము కాచి, సమ్మెట పట్టి, తన ఫోర్కును తానే అతుక్కుని ఆయన మళ్లీ బయలుదేరేసరికి దాదాపు నాలుగు గంటలు పోయాయి. అంతటితో ఆగక, రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు కొలిమి తిత్తిని ఒక చిన్నపిల్లవాడు ఊదినందుకు పది నిమిషాలు శిక్ష వేశారు. తర్వాత దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు. ఆ పల్లెలో ఆ సంఘటనకు గుర్తుగా ఫలకం ఉంది. ఈ ముచ్చట చదువుతున్నప్పుడు నాకు కనబడినది ఫ్రాన్సు కాదు. మా చిన్నప్పుడు కమలాపురంలో మేము సాయబు మామ అని పిలిచే మెకానిక్కు, విరిగిన ఫోర్కును కమ్మరి దగ్గరకు తీసుకుపోయి కాయించి తెచ్చేవాడు, తిత్తి ఊదడానికి మాలాంటి పిల్లలను పిలిచేవాడు. ఊదినందుకు మాకు ఒక రౌండు ఊరికే తొక్కుకోవడానికి అద్దె సైకిలు ఇచ్చేవాడు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి సగం సగం తొక్కుతూ సైకిలు నేర్చుకున్నది ఆ రౌండ్లలోనే. ఆ ఫ్రెంచి పిల్లవాడికి చరిత్రలో చోటు దొరికింది. సాయబు మామ ఎప్పుడు పుట్టాడో, పని ఎవరి దగ్గర నేర్చాడో చెప్పగలవాళ్లు ఇప్పుడు ఆ వీధిలో ఒక్కరూ లేరు.

నన్ను ఈ ఉత్తరం రాయించిన సంగతికి ఇప్పుడు వస్తాను. ఒలింపిక్సులో ఇద్దరు జట్టుగా తొక్కే ‘మాడిసన్’ అనే సైకిలు పోటీ ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందని వెతికితే న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే భవనం పేరని తెలిసింది. 1891 నుంచి అక్కడ ఆరు రోజుల పందేలు జరిగేవి. ఒక్కొక్కడూ రాత్రీ పగలూ గుండ్రని బాట మీద తిరుగుతూనే ఉండేవాడు, నిద్ర లేక కొందరికి మతి తప్పేది. ఒక మనిషి రోజుకు పన్నెండు గంటలకు మించి తొక్కరాదని 1898లో అక్కడ చట్టం చేశారు. అప్పుడు ఇద్దరేసి మనుషులను జట్టుగా పెట్టి, ఒకరు దిగితే ఒకరు ఎక్కేలా పందెం సాగించారు. ఎవరు ఎన్ని మైళ్లు తొక్కారో, ఎవరు ఎప్పుడు పడిపోయారో ఆనాటి పత్రికలు పూటపూటకూ అచ్చువేశాయి. వాటి పాత ప్రతులను ఇప్పుడు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

సంపాదకులు గారూ, ఆ పందేలను మించినదాన్ని నేను కళ్లారా చూశాను. 1970 వేసవిలో, నా పదకొండో యేట, కమలాపురం హైస్కూలు మైదానంలో ఒకాయన ఏడు రోజులు నేల మీద కాలు పెట్టకుండా సైకిలు తొక్కాడు. నడుమ ఒక రాట పాతి దానికి మైకు కట్టారు, చుట్టూ తాడు లాగారు, రాత్రికి పెట్రోమాక్సు లైట్లు పెట్టారు. ఆయన ఆ రాట చుట్టూ తిరుగుతూనే అన్నం తిన్నాడు, తిరుగుతూనే చొక్కా మార్చుకున్నాడు, హ్యాండిలుకు కట్టిన అద్దంలో చూసుకుంటూ తిరుగుతూనే గడ్డం గీసుకున్నాడు. పొద్దున్నే ఎవరో బిందె అందిస్తే ఒక చేత్తో అందుకుని నెత్తిన కుమ్మరించుకునేవాడు. సాయంత్రం జనం చేరాక, నేల మీద పరిచిన చేతిరుమాలును సైకిలు ఆపకుండానే వంగి పళ్లతో తీసేవాడు, ట్యూబులైట్లను రొమ్ము మీద పగలగొట్టించుకునేవాడు. మైకులో పాటలు వేసేవాళ్లు, పెద్దలు వచ్చి ఆయన చొక్కాకు రూపాయి నోట్లు పిన్నులతో గుచ్చేవాళ్లు. అయిదోనాడు మా అమ్మ రాగిసంగటి ముద్ద, ఊరుబిండి గిన్నెలో పెట్టి, ఆయనకిచ్చి రమ్మని నన్ను పంపింది. తాడు కింద నుంచి దూరి ఆయన పక్కన పరుగెత్తాను. దగ్గర నుంచి చూస్తే ఆయన చీలమండలు రెండూ వాచి, గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. అరచేతుల్లో బొబ్బలు పగలకుండా హ్యాండిలు పిడులకు గోనెపట్టా చుట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముద్దను ఎడమచేత్తో అందుకుని, ‘ఏం పేరబ్బీ?’ అని అడిగాడు. చెప్పాను. ‘మీ అమ్మకు చెప్పు, సంగటి కమ్మగా ఉందని’ అన్నాడు. మళ్లీ రాట చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు. ఆయన నా పేరు అడిగాడు. నేను ఆయన పేరు అడగలేదు.

ఆరు రోజుల పందేల గురించి చదివిన నాటి నుంచి నెలల తరబడి ఆయన కోసం, ఆయనలాంటివాళ్ల కోసం వెతికాను. తెలుగులో ‘సైకిలు’ అని వెతికితే, అది ఒక పార్టీ ఎన్నికల గుర్తు కనుక, ముందు వచ్చేవి ఎన్నికల వార్తలు, ఆ తర్వాత అమ్మకాల ప్రకటనలు. ‘ఏడు రోజుల సైకిలు’ అన్నాను, ‘సైకిలు వీరుడు’ అన్నాను, కడప పేరు చేర్చాను, అనంతపురం చేర్చాను, కర్నూలు చేర్చాను. ఎక్కడో ఒకచోట ఒకరిద్దరు తమ చిన్నతనపు ముచ్చటగా రెండు వాక్యాలు రాసినవి తప్ప, ఒక పేరు గానీ ఒక ఊరు గానీ ఒక తేదీ గానీ నాకు దొరకలేదు. ఆ తరంలో రాయలసీమలో సైకిలు దిగకుండా తొక్కేవాడిని చూడని పెద్ద ఊరు ఉండదని నా నమ్మకం. అంతమంది చూసిన దానికి అక్షరం ముక్క సాక్ష్యం లేదు. కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారిని సీమ జనం పాటల్లో దాచుకున్నారు కనుక ఆయన మిగిలారు. సైకిలు వీరుడి మీద ఎవరూ పాట కట్టలేదు, పత్రికలో ఎవరూ రాయలేదు.

రాసిపెట్టకపోతే జరిగేది మరచిపోవడమొక్కటే కాదు, ఆ ఖాళీలో అబద్ధం వచ్చి కూర్చుంటుంది. నా వెతుకులాటలో అటువంటివీ కనబడ్డాయి. లియొనార్డో డావించి సైకిలు బొమ్మ గీశాడని 1974లో బయటపడిన ఒక చిత్రాన్ని ఇప్పటికీ అందరూ పంచుకుంటూనే ఉన్నారు. అది తర్వాతి కాలంలో ఎవరో చేర్చిన బొమ్మ అని పరిశోధకులు చాలామంది తేల్చారు. ఐన్‌స్టయిన్ 1933లో కాలిఫోర్నియాలో సైకిలు తొక్కుతున్న ఫోటో నిజమైనదే, చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాని కింద సాపేక్ష సిద్ధాంతం సైకిలు మీదే తట్టిందని ఆయన అన్నట్టు రాసే మాటకు ఆధారం లేదు. మా మనుమరాలు ఇలాంటివి పంపినప్పుడల్లా, ‘ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎక్కడ రాశారు’ అని అడగడం నేను నేర్చుకున్నాను, ఆమెకూ నేర్పాను. ఈ మూడు ప్రశ్నలూ అడిగి అచ్చువేసే అలవాటు పత్రికకు ఉంది, ఫోనులో వచ్చే సందేశాలకు లేదు. అందుకే ఈ విన్నపం తమకు చేస్తున్నాను.

ఒకరు రాసిపెట్టినందువల్ల మిగిలినవి మన దేశంలోనూ ఉన్నాయి. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వాళ్లలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తం భుంగారా అనే ముగ్గురు ఎడారులు, అడవులు దాటుకుంటూ 71,000 కిలోమీటర్లు తొక్కి 1928 మార్చి 18న తిరిగివచ్చారు. వాళ్లు తమ యాత్రను పుస్తకంగా రాసుకున్నారు, జవహర్‌లాల్ నెహ్రూ దానికి ముందుమాట రాశారు. ఆ పుస్తకమే లేకపోతే వాళ్లూ మా కమలాపురం వీరుడిలాగే మాయమయ్యేవాళ్లు. మనకు పొరుగునే ఉన్న తమిళనాడులో, 1990 తర్వాతి అక్షరాస్యతా ఉద్యమంలో పుదుక్కోట్టై జిల్లా ఆడవాళ్లు వేలకు వేలుగా సైకిలు నేర్చుకుని తమ బతుకులు మార్చుకున్న సంగతి, పి. సాయినాథ్ అనే పత్రికా రచయిత ఆ ఊళ్లకు వెళ్లి రాసినందువల్లే దేశమంతా తెలిసింది. మన జిల్లాల్లో సైకిలు ఎక్కి బడికి పోయిన మొదటి ఆడపిల్ల ఎవరు? ఎవరి ఎగతాళి పడింది? నేను ఉత్తరాలు పంచిన ఊళ్లలో, చీరకుచ్చెళ్లు నడుముకు దోపుకుని పుట్టెడు జనం ముందు సైకిలు తొక్కుతూ కాన్పులకు వెళ్లే నర్సమ్మలను ఎరుగుదును. వాళ్ల గురించి ఎవరు రాశారు?

నా విన్నపం ఇది. మీ పత్రిక కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల సంచికల్లో వారానికొక్కసారి, ఆదివారం నాడైనా, మన సైకిలు జ్ఞాపకాలకు కొంచెం చోటు ఇవ్వండి. పాఠకులను రాయమని అడగండి. రాయలేని ముసలివాళ్ల దగ్గరకు తమ విలేఖరులను పంపి చెప్పించుకోండి. గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చిన అంగళ్ల లెక్కపుస్తకాలు ఎవరి అటకల మీదనో ఉంటాయి. వాటిలో ఊరి పేర్లన్నీ ఉంటాయి. పాలక్యాన్లు, చేనేత చీరల మూటలు, ఐసు డబ్బాలు కట్టుకుని రోజుకు నలభై యాభై కిలోమీటర్లు తొక్కినవాళ్లు ఇంకా బతికి ఉన్నారు. పుల్లలు బిగించి చక్రం వంకర తీయడంలో చేయి తిరిగిన మెకానిక్కులు, రిమ్మును తిప్పి, చెవితో విని ఏ పుల్ల వదులుగా ఉందో చెప్పగలిగినవాళ్లు, ఇప్పుడు మోటారుసైకిళ్ల అంగళ్ల పక్కన ఊరికే కూర్చుని కనబడుతున్నారు. పెళ్లిలో అల్లుడికి పెట్టిన సైకిలుతో దిగిన ఫోటో సీమలో సగం ఇళ్లలో ఉంటుంది. ప్రతి జ్ఞాపకం కింద ఊరు, ఏడు, చెప్పినవారి పేరు తప్పక వేయండి. ఏడు సరిగా గుర్తులేకపోతే ఆ ఏడు ఏ కరువు వచ్చింది, ఏ వాన వచ్చింది అని అడిగితే మనవాళ్లు ఇట్టే చెబుతారు.

ఇది పత్రిక పని కాదని ఎవరైనా అంటారేమో. నేను ఉండే ఎర్రముక్కపల్లెలోనే బ్రౌన్ గ్రంథాలయం ఉంది. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాటాకు ప్రతులు సేకరించి శుద్ధప్రతులు రాయించిన చోటు అది. పొద్దున్నే సైకిలు మీద ఆ గోడ పక్కగా పోతాను. చెదలకు పోయే ఆకుల్లో వేమన పద్యాలు ఉన్నాయని గుర్తించి కూడబెట్టడానికి అప్పట్లో ఒక్క మనిషి పూనుకున్నాడు. ఇప్పుడు పోతున్నవి ఆకులు కాదు, మనుషులు. మా తరం వెళ్లిపోతే చూసినవాళ్లే ఉండరు. అందుకని వచ్చే ఏడు కాకుండా ఈ ఏడే మొదలుపెట్టమని కోరుతున్నాను. ప్రపంచ సైకిలు దినంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన జూన్ 3 నాటి సంచికతో ఆరంభిస్తే సముచితంగా ఉంటుంది.

మొదటి వారానికి పనికివస్తాయని నా వంతుగా రెండు వస్తువుల ఫోటోలు ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. ఒకటి, మా నాయన సైకిలు ముందు ఫోర్కుకు బిగించి ఉండిన పన్ను బిళ్ల. ఆ రోజుల్లో సైకిలుకు ఏటేటా పన్ను కట్టించుకుని ఇలాంటి రేకు బిళ్ల ఇచ్చేవాళ్లు. వేరే ఊళ్ల బిళ్లలు ఇప్పుడు పాత నాణేల పక్కన అమ్మకానికి రావడం ఫోనులో చూశాకే మా ఇంట్లో ఇనుపపెట్టె అడుగున వెతికి దీన్ని తీశాను. అంకెలు అరిగిపోయినా వేలితో తడిమితే తెలుస్తాయి. రెండవది, నేను ఉద్యోగంలో చేరిన ఏడు కొన్న సైకిలు బిల్లు. వాటి వెంట సాయబు మామ గురించి నాకు గుర్తున్నంత మటుకు రెండు పేజీలు రాసి పెట్టాను.

ఇక ఒక చిన్న ప్రకటన, వీలైతే ఈ ఉత్తరంతో పాటే వేయండి. 1970 వేసవిలో కమలాపురం హైస్కూలు మైదానంలో ఏడు రోజులు సైకిలు దిగకుండా తొక్కిన ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్లు ఉండవచ్చు. చామనఛాయ, బక్కపలచని మనిషి, ఉంగరాల జుట్టు. ఎరుపు బనియను మీద తెల్లచొక్కా గుండీలు పెట్టకుండా వేసుకునేవాడు. సైకిలు నల్లనిది, మడ్‌గార్డులు తీసేసి ఉండేది, హ్యాండిలుకు ఎడమపక్క గుండ్రని అద్దం కట్టి ఉండేది. ఎనిమిదోనాడు ఉదయం దిగినప్పుడు నిలబడలేకపోతే ఇద్దరు పట్టుకుని మా హైస్కూలు అరుగు మీద పడుకోబెట్టారు. సాయంత్రం ప్రొద్దుటూరు బస్సు ఎక్కాడని విన్నాను, సైకిలు బస్సు పైన కట్టారు. ఆయన పేరు, ఊరు తెలిసినవాళ్లు గానీ, ఆయన కొడుకులు కూతుళ్లు గానీ ఉంటే దయచేసి ఈ పత్రికకు రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
సైకిలు ప్రియుడైన ఒక పాఠకుడు,
ఎర్రముక్కపల్లె, కడప.